నలుగురు థెరపిస్టులం కలిసి ఒకే చోటు నడపాలనుకుంటున్నాం. అద్దె, కమీషన్, గోప్యత విషయంలో సలహా కావాలి

మారేడుపల్లి మైనా:

నమస్తే అండీ అందరికీ. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. నాతో పాటు ఇంకో ఇద్దరు కౌన్సెలర్లు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, మొత్తం నలుగురం. ఇన్నాళ్లూ తలా ఒక సెంటర్లో పని చేశాం. సగం ఫీజు సెంటర్ వాళ్లే పట్టుకుంటారు, ఎవర్ని ఎన్ని సెషన్లు రప్పించాలో మేనేజరు చెబుతాడు, పైగా 'ఈ నెల మీ రిపీట్లు తగ్గాయి మేడమ్' అని వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ అడుగుతాడు. అది భరించలేక మాకు మేమే ఒక చోటు చూసుకుందామనుకున్నాం. సికింద్రాబాద్‌లో ఒక పాత ఇంటి పై అంతస్తు దొరికింది. మూడు గదులు, పెద్ద హాలు, చిన్న వంటగది. అద్దె 60 వేలు. ఓనరు పెద్దాయన మంచివాడే గానీ మొదటి మాటే 'పిచ్చివాళ్లు వస్తారా అమ్మా, కింద ఇంట్లో ఆడపిల్లలున్నారు' అన్నారు. నచ్చజెప్పి ఒప్పించాం.

మేం వాడని గంటల్లో గదుల్ని వేరే థెరపిస్టులకి ఇద్దామని ఆలోచన. స్పీచ్ థెరపీ చేసే ఒకావిడ ఇప్పటికే అడిగారు. ఇక్కడే మా నలుగురికీ పొసగడం లేదు. గంటకింత అని అద్దె తీసుకుందామని నేనంటాను. ఫీజులో 30 శాతం తీసుకుంటే వాళ్లకి క్లయింట్లు లేని నెలలో మనం కూడా భారం కాము కదా అని మా ఫ్రెండ్ అంటోంది. విలువలతో నడపాలన్న దాంట్లో మాకు తేడా లేదు, మనుషులే ముందు, డబ్బు తర్వాత అని నలుగురం ఒకే మాట మీద ఉన్నాం. కానీ రోజూ చేతికొచ్చే పనుల్లో అది ఎలా ఉంటుందో ఎవరికీ స్పష్టంగా తెలియడం లేదు. తక్కువ ఫీజు ఇచ్చేవాళ్లని ఎలా చూసుకోవాలి, గదుల మధ్య మాటలు వినపడకుండా ఏం చేయాలి, ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే వాళ్ల క్లయింట్లు ఎవరికి చెందుతారు? ఇలాంటి చోటు నడిపినవాళ్లు గానీ, అద్దెకి వాడినవాళ్లు గానీ, క్లయింటుగా వెళ్లినవాళ్లు గానీ ఉంటే చెప్పండి. మెచ్చుకోళ్లు వద్దు, మాకు తట్టనివి చెప్పండి.

---

గంటల లెక్క గంగ:

మైనా గారూ, నేను గదులు అద్దెకి తీసుకునే వైపూ ఉన్నాను, ఇచ్చే వైపూ ఉన్నాను. ముందు లెక్క వేయండి, విలువల గురించి తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే అద్దె కట్టలేని నెలలో విలువలు ఎటు పోతాయో నేను కళ్లారా చూశాను.

మూడు గదులు, రోజుకి పది గంటలు, నెలకి 26 రోజులు అంటే 780 గంటలు. కాగితం మీద బావుంటుంది. నిజంగా సగం నిండితే గొప్ప. అంటే 390 గంటలు. అద్దె 60, రిసెప్షన్లో కూర్చునే మనిషికి 18, ఆయమ్మకి 8, కరెంటు, నెట్, నీళ్లు, చిల్లర మల్లర అన్నీ కలిపి 12 వేసుకోండి, 98 వేలు. 390తో భాగిస్తే గంటకి 250 రూపాయల చిల్లర. అంటే 300 తీసుకుంటే మీకు ఊపిరాడుతుంది, కాస్త రిపేర్లకీ మిగులుతుంది. 1500 ఫీజు తీసుకునే ఆవిడ దగ్గర 30 శాతం అంటే 450. అదే ఫీజులో మీరు ఒక్కో సెషన్‌కి 150 ఎక్కువ తీసుకుంటున్నారన్నమాట, ఆ 150 దేనికి అని ఆవిడ అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

నాకు శాతం పద్ధతి నచ్చకపోవడానికి అసలు కారణం మాత్రం డబ్బు కాదు. శాతం తీసుకున్న రోజు నుంచీ ఆ గదిలో జరిగే ప్రతి సెషన్ మీదా మీకు ఆశ పుడుతుంది. ఆరు సెషన్లకి కుదుటపడి 'ఇక చాలు మేడమ్, బాగున్నాను' అన్న మనిషి మీ పుస్తకంలో నష్టంగా కనిపిస్తాడు. మీరు వదిలేసి వచ్చిన మేనేజరు పుట్టింది అక్కడే, ఆయనేమీ పుట్టుకతో చెడ్డవాడు కాదు పాపం. గంట అద్దె అయితే ఆ గదిలో ఎవరు వచ్చారు, ఎన్నిసార్లు వచ్చారు, ఎంత ఇచ్చారు అన్నది మీకు తెలియాల్సిన అవసరమే లేదు. గోప్యతకి అదే మొదటి మెట్టు. శాతం లెక్క తేలాలంటే ప్రతి థెరపిస్టు రసీదులూ మీరు చూడాలి, అంటే క్లయింట్ల పేర్లూ చూసినట్టే.

ఇంకోటి. ఒకరి దగ్గరికి ఇంకొకరు క్లయింటుని పంపినందుకు డబ్బు పుచ్చుకోవడం మీ చోట ఉండకూడదని అగ్రిమెంటులోనే రాసుకోండి. డాక్టర్లకైతే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనే రెఫరల్ కమీషన్ నిషేధం అని ఉంది. అయినా మన ఊళ్లలో కట్ ప్రాక్టీస్ ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. దగ్గర్లోని సైకియాట్రిస్టుకో, ల్యాబుకో మీరు పంపితే దీపావళికి డ్రై ఫ్రూట్స్ డబ్బా వస్తుంది, మరుసటి ఏడాది కవరు వస్తుంది. డబ్బా దగ్గరే ఆపేయండి.

సాయంత్రం 5 నుంచి 9, ఆదివారం పొద్దున, ఈ గంటల కోసం కొట్టుకుంటారు చూడండి. ముందొచ్చినవాళ్లకి ముందు అంటే పాతవాళ్లే అన్నీ పట్టేసుకుంటారు, కొత్తగా వచ్చినవాళ్లకి మధ్యాహ్నం రెండు గంటలు మిగులుతుంది, ఆ టైమ్‌కి హైదరాబాద్ ఎండలో ఎవరొస్తారు? సాయంత్రపు గంటలు ఒక్కొక్కరికి వారానికి ఇన్ని అని హద్దు పెట్టండి, మీ నలుగురికి కూడా.

---

పేరొద్దు ప్లీజ్:

నేను క్లయింటుని. ఇలాంటి షేరింగ్ సెంటర్లకే వెళ్లాను, ఒకటి మానేసి ఇంకోదానికి మారాను. మానేయడానికి థెరపిస్టు కారణం కాదు, ఆవిడ చాలా మంచిది. నేను చెప్పేవన్నీ గది బయట జరిగిన సంగతులు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి 'ఏ డాక్టరు? ఏం ప్రాబ్లెమ్?' అని అడిగేవాడు. పాపం ఆయనకి తెలియదు, పళ్ల డాక్టరు దగ్గర అడిగినట్టే అడుగుతున్నాడు. నేను ప్రతిసారీ 'ఫ్రెండ్ ఇంటికి' అనేదాన్ని. పైకి వెళ్తే టేబుల్ మీద పొడుగాటి రిజిస్టరు. పేరు, ఫోన్ నంబరు, ఎవర్ని కలవాలి, వచ్చిన టైమ్, సంతకం. నా పేరు రాస్తుంటే పై నాలుగు లైన్లలో ఎవరెవరు వచ్చారో నాకు కనిపించేది. ఒకసారి ఆ పేర్లలో మా ఆఫీసులో పనిచేసే ఒకాయన పేరుంది. ఇంటిపేరుతో సహా. ఆయనకి తెలియకుండా నాకు ఆ విషయం తెలిసిపోయింది, ఇక నా పేరు ఎవరు చూశారో అని మూడో రోజు దాకా టెన్షన్. రిజిస్టరు ఎందుకని అడిగితే 'సెక్యూరిటీ కోసం మేడమ్' అన్నారు.

డబ్బులు ఫోన్లో కొట్టేటప్పుడు వచ్చే పేరు కూడా చూసుకోండి. నా అకౌంట్ స్టేట్‌మెంట్ మా నాన్న చూస్తారు, పెళ్లికి లోన్ పేపర్ల కోసం అప్పట్లో తీశారు కూడా. సెంటరు పేరులో 'మెంటల్ హెల్త్' అని ఉంది. ఆ తర్వాత ఇంట్లో జరిగిన పంచాయితీ ఇక్కడ రాయలేను. నగదు తీసుకుంటే బాగుండేది, కానీ వాళ్లు ఆన్‌లైనే అనేవారు. మెసేజీలు కూడా అంతే, 'రేపు 6 గంటలకి మీ థెరపీ సెషన్' అని లాక్ స్క్రీన్ మీద కనబడుతుంది. 'రేపు 6 గంటలకి అపాయింట్‌మెంట్ ఉంది' అంటే చాలదా?

ఇక గోడలు. ప్లైవుడ్ పార్టిషన్. పక్క గదిలో ఆయన గొంతు పెంచితే ప్రతి మాటా వినపడేది, నేను ఏడుస్తూ మధ్యలో ఆగిపోయి ఆయన కథ వినేదాన్ని. అవతలి వైపుకి నా మాటలు కూడా అలాగే పోతున్నాయని అప్పుడే అర్థమైంది. తర్వాత నేను గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాను. డబ్బులిచ్చి గుసగుసలాడుకుని వచ్చేదాన్ని.

ఇప్పుడు వెళ్లే చోట ఒక్కటి నాకు బాగా నచ్చింది. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య పావుగంట ఖాళీ ఉంచుతారు, లోపలికి వెళ్లేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఎదురు పడరు. కళ్లు ఉబ్బిపోయి బయటికొస్తే మొహం కడుక్కోవడానికి ఒక మూల వాష్‌బేసిన్, అద్దం. అంతే. కాని నాకు ఆ అద్దం చాలా పెద్ద సంగతి.

---

సీఏ గారి శిష్యుడు:

గంగ గారి లెక్క బాగుంది గానీ ఒక మాట. గంట అద్దె అందరికీ న్యాయం అనుకోకండి. 500 ఫీజుకి ఒప్పుకున్న క్లయింటుని చూసే థెరపిస్టు 300 అద్దె కట్టి 200 ఇంటికి తీసుకెళ్తుంది. 2500 తీసుకునే ఆయనకీ అదే 300. శాతం అయితే 500కి 150 పోతుంది. కాబట్టి పేదవాళ్లని చూసేవాళ్ల మీద గంట అద్దె బరువు ఎక్కువ. శాతం అనగానే పాపం అన్నట్టు మాట్లాడటం తేలిక.

పన్ను సంగతి క్లుప్తంగా: గదులు అద్దెకిచ్చి సంపాదించేది వ్యాపారపు అద్దె, సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, 18 శాతం. వైద్య సేవకి ఉన్న మినహాయింపు మీ అద్దెకి వర్తించదు. మీ నలుగురి ఫీజులకి వర్తిస్తుందా లేదా అన్నది మీ మీ అర్హతల్ని బట్టి ఉంటుంది, మీ సీఏని కూర్చోబెట్టి అడగండి. నలుగురూ ఎవరి ఫీజు వాళ్ల అకౌంట్లో తీసుకోండి, అద్దె మాత్రం ఒక పార్ట్‌నర్‌షిప్ పేరు మీద నడపండి. అన్నీ ఒకే ఖాతాలో కలిపితే రెండేళ్ల తర్వాత స్నేహం మిగలదు. ఆ ఇల్లు రెసిడెన్షియల్ అయితే కరెంటు కనెక్షన్, ఆస్తి పన్ను రెండూ కమర్షియల్ కింద మారతాయి. ఆ ఖర్చు ఎవరిదో ఓనరుతో ఇప్పుడే తేల్చుకోండి.

---

గంటల లెక్క గంగ:

శిష్యుడు గారూ, ఒప్పుకుంటాను, అది నిజమే. మేం చేసేది ఇది: మధ్యాహ్నం 11 నుంచి 4 వరకు గదులు ఎలాగూ ఖాళీ. ఆ గంటల్లో తక్కువ ఫీజు క్లయింటుని చూస్తే అద్దె 100 మాత్రమే. ఆ క్లయింటు ఎవరు, ఎంత ఇచ్చారు అని అడగం, థెరపిస్టు మాట మీద నమ్మకం. మోసం చేస్తారా? చేయొచ్చు. నెలకి రెండు వందలో నాలుగు వందలో పోతాయి. ఆ మాత్రం నష్టానికి భయపడి ఆదాయ సర్టిఫికెట్ అడగడం మొదలుపెడితే కౌన్సెలింగ్‌కి వచ్చిన మనిషి మండలాఫీసు లైన్లో నిలబడ్డట్టు ఉంటుంది.

కాకపోతే మధ్యాహ్నం గంటలు ఉద్యోగం పోతే తప్ప ఖాళీ లేనివాళ్లకి పనికిరావు, ఇళ్లలో పనిచేసే ఆవిడకో డెలివరీ కుర్రాడికో సాయంత్రమే కావాలి. అందుకే సాయంత్రంలో కూడా వారానికి కొన్ని గంటలు ఆ రేటుకి పక్కన పెట్టాం. ఆ లోటు మిగతా సాయంత్రపు అద్దెలో కలుపుతాం, కలుపుతున్నామని అందరికీ చెప్పే కలుపుతాం.

---

బెజవాడ బావ:

అందరూ అద్దె గురించే మాట్లాడుతున్నారు. అసలు ఆ గదుల్లో ఎవరు కూర్చుంటారు? ఆన్‌లైన్లో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి 'సైకోథెరపిస్ట్' అని బోర్డు పెట్టేవాళ్లు గల్లీకి ఒకరున్నారు. హిప్నాటిజం, గత జన్మలు, ఏంజెల్ కార్డులు అన్నీ కలిపి ప్యాకేజీ. మీరు గది అద్దెకిస్తే బయట వాళ్లకి మీ చోటే గ్యారంటీ. ఏదైనా తేడా వస్తే 'మేం గది మాత్రమే ఇచ్చాం' అంటారా?

క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్లో పేరుండాలి, 1992 చట్టం. నంబరు అడగండి, వెబ్‌సైటులో చూసుకోండి. స్పీచ్ థెరపీ ఆవిడకి కూడా అదే కౌన్సిల్. కౌన్సెలర్లకి 2021లో అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది, వాళ్లూ దాని కిందకే వస్తారు. ఎమ్మెస్సీ సర్టిఫికెట్, ఎవరి దగ్గర సూపర్‌విజన్ (అంటే తన కేసుల గురించి సీనియర్‌తో మాట్లాడి సలహా తీసుకోవడం) తీసుకుంటున్నారు, ఈ రెండూ అడగకుండా తాళం ఇవ్వొద్దు. పేరుతో పాటు చదువు, రిజిస్ట్రేషన్ నంబరు హాల్లో అందరికీ కనబడేలా పెట్టండి. 'మీ అబ్బాయిని మామూలు మనిషిని చేస్తాం' అని గే పిల్లల తల్లిదండ్రులకి చెప్పేవాడు ఒక్కడు మీ గదుల్లోకి వచ్చాడంటే మీ విలువల బోర్డు పీకి పారేయండి. 2021లో మద్రాసు హైకోర్టు తప్పన్నది, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా డాక్టర్లు అలా చేస్తే దుష్ప్రవర్తన అంది, అయినా చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు.

ఇంకో ప్రశ్న. మీ దగ్గర ఇంటర్న్‌లు ఉంటారా? వాళ్ల దగ్గర ఫీజు తీసుకుని ఫైళ్లు సర్దించే సెంటర్లు నాకు బాగా తెలుసు. మా చెల్లెలు డబ్బు కట్టి మరీ నెలంతా జిరాక్సులు తీసింది.

---

మారేడుపల్లి మైనా:

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు. థాంక్స్ అండీ.

బెజవాడ బావ గారూ, మీ కోపం సరైనదే. తాళం విషయం రాసుకున్నాను. ఇంటర్న్‌ల గురించి మేమింకా ఆలోచించలేదు. జీతం ఇచ్చే స్తోమత వచ్చేదాకా తీసుకోం, ఇది మా నలుగురం ఇప్పుడే ఫోన్లో అనుకున్న మాట.

పేరొద్దు ప్లీజ్ గారూ, మీ పోస్టు ముగ్గురికీ పంపాను. రిజిస్టరు మేమూ కొనేశాం, నిన్ననే, కోఠీలో. దాన్ని కిరాణా లెక్కలకి వాడుకుంటాం లెండి. గోడలు ఇటుకవే గానీ రెండో గది, మూడో గది మధ్య ఓనరు వాళ్లు ఎప్పుడో పెట్టించిన చెక్క పార్టిషన్ ఉంది. దానికి ఫోమ్ షీట్లు అతికిస్తే సరిపోతుందా? మా బడ్జెట్ తక్కువ.

రిసెప్షన్ ఎవర్ని పెట్టాలి, అసలు పెట్టాలా, నలుగురం వంతులవారీగా చూసుకోవాలా అన్నది కూడా ఎవరైనా చెప్పండి.

---

ముందు టేబుల్ ముత్యాలు:

మైనా మేడమ్, నేను ఇలాంటి సెంటర్లో ముందు టేబుల్ దగ్గర పనిచేస్తాను. వంతులవారీగా అంటారు గానీ కుదరదు. మీరు లోపల ఒకరితో ఉంటారు, బయట ఫోన్ మోగుతుంది, ఇంకొకరు తొందరగా వచ్చి హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటారు. వాళ్లకి మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టే మనిషి కావాలి.

నా పనిలో కష్టమైంది ఫోన్లు. 'మా అమ్మాయి వచ్చిందా అక్కడికి?' అని తండ్రి చేస్తారు. 'మా ఆవిడ ఏం చెబుతోంది నా గురించి?' అని భర్త చేస్తాడు. అత్తగారు నేరుగా వచ్చి హాల్లో కూర్చుంటారు. చేరిన కొత్తలో 'ఆ వచ్చారు సార్, లోపల ఉన్నారు' అంటే తప్పేంటి అనుకునేదాన్ని, అబద్ధం చెప్పడం లేదు కదా అని. మా మేడమ్ కూర్చోబెట్టి చెప్పారు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం గోప్యత వచ్చిన మనిషి హక్కు అని, వచ్చారు అనడం కూడా బయటపెట్టడమే అని. ఇప్పుడు నా దగ్గర ఒకటే మాట ఉంటుంది: 'ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది మేం ఎవరికీ చెప్పమండి, మీరు వచ్చినా మీ గురించీ చెప్పం.' ఎవరు అడిగినా ఇదే, వచ్చినా ఇదే, రాకపోయినా ఇదే. ఒకరికి 'రాలేదు' అని, ఇంకొకరికి 'చెప్పం' అంటే రెండోవాళ్లకి అర్థమైపోతుంది. ఒక సారు గట్టిగా అరిచారు, బూతులు కూడా. మా మేడమ్ బయటికొచ్చి నా పక్కన నిలబడ్డారు, నన్ను లోపలికి పంపి తనే మాట్లాడారు. నేను ఇంకా ఇక్కడే పనిచేయడానికి అదొక కారణం.

మినహాయింపులు ఏంటో కూడా నాకు చెప్పారు. మనిషి ప్రాణానికి గానీ, ఇంకొకరికి గానీ ముప్పు ఉంటే థెరపిస్టు చెప్పొచ్చు. చిన్నపిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, దాచడానికి లేదు. ఇవి మొదటి సెషన్‌లోనే క్లయింట్లకి తెలుగులో, మామూలు మాటల్లో చెబుతారు మా దగ్గర. ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు.

రిజిస్టరు బదులు మేం ఏం చేస్తామంటే, బుక్ చేసుకునేటప్పుడు ఒక నంబరు ఇస్తాం, వచ్చి ఆ నంబరు చెబితే చాలు. సీసీ కెమెరా మెట్ల దగ్గర ఒక్కటే ఉంది, మాటలు రికార్డవ్వవు. రాత్రి ఎనిమిది దాటితే ఒక్క థెరపిస్టు, ఒక్క క్లయింటు మాత్రమే ఉండేలా ఎప్పుడూ వదలరు, నేనో ఆయమ్మో ఉంటాం, దానికి ఓవర్‌టైమ్ ఇస్తారు, ఆటో డబ్బులు కూడా. ఆయమ్మని మర్చిపోకండి మేడమ్. చెత్తబుట్టలో టిష్యూలు ఎన్ని ఉన్నాయో చూసి ఎవరు ఏడ్చారో ఆవిడకే తెలుస్తుంది. ఆవిడకీ ఈ గోప్యత సంగతి కూర్చోబెట్టి చెప్పాలి, మర్యాదగా, జీతం పెంచి.

ఎవరైనా చచ్చిపోతాను అంటూ ఫోన్ చేస్తే నేనేం చేయాలో టేబుల్ అద్దం కింద కాగితం ఉంది. లోపల ఉన్న థెరపిస్టు తలుపు తట్టడానికి నాకు అనుమతి ఉన్న ఒకే ఒక సందర్భం అది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

---

గంటల లెక్క గంగ:

ఫోమ్ అతికించొద్దు మైనా గారూ, డబ్బు దండగ. ఫోమ్ వల్ల గదిలోపల మోత తగ్గుతుంది, అవతలి గదికి పోయే శబ్దం ఆగదు. శబ్దం ఆగాలంటే బరువు కావాలి, సందులు మూసుకుపోవాలి. ముందు పార్టిషన్ పైన చూడండి, స్లాబు దాకా ఉందా, ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోయిందా. చాలా చోట్ల అక్కడే ఆగిపోతుంది, మాటలన్నీ పైనుంచి దూకి పక్క గదిలో పడతాయి. తర్వాత తలుపు కింద సందు. రబ్బరు పట్టీ కొట్టించండి, బోలు తలుపు తీసేసి నిండు చెక్క తలుపు పెట్టించండి. ఆ పార్టిషన్‌కి రెండు వైపులా జిప్సం బోర్డు, మధ్యలో రాక్‌వూల్ (రాతి నారతో చేసే దూది లాంటిది) నింపిస్తే చాలావరకు తగ్గుతుంది. హాల్లో తలుపుల దగ్గర ఒక టేబుల్ ఫ్యానో, గాలి చప్పుడు చేసే చిన్న మెషినో పెట్టండి. అన్నీ అయ్యాక ఒకరు లోపల మామూలు గొంతుతో పేపరు చదవండి, ఇంకొకరు హాల్లో కుర్చీలో కూర్చుని వినండి. మాట అర్థమైతే ఇంకా పని మిగిలినట్టే. పిల్లలతో స్పీచ్ థెరపీ చేసే ఆవిడకి మెట్ల వైపు గది ఇవ్వండి, పిల్లలు అరుస్తారు, నవ్వుతారు, డబ్బాలు కొడతారు, అది ఆవిడ పని. పక్క గదిలో భర్త పోయిన మనిషి కూర్చుని ఉంటే ఇద్దరికీ ఇబ్బంది.

పై అంతస్తు, లిఫ్టు లేదు అంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, వీల్‌చైర్లో ఉన్నవాళ్లు రారు. కింద ఓనరుగారి ముందు గది వారానికి ఒక పూట దొరుకుతుందేమో అడిగి చూడండి. దొరక్కపోతే బుకింగ్ అప్పుడే మెట్లున్నాయని చెప్పేయండి, వచ్చాక వెనక్కి పంపొద్దు.

హాల్లో దేవుడి పటాల గురించి కూడా ముందే మాట్లాడుకోండి, పూజ రోజు గొడవ పడకుండా. మా దగ్గర ఒక కేలండరు, రెండు మనీప్లాంట్లు, అంతే. నాకు వ్యక్తిగతంగా వెంకన్న పటం లేకపోతే వెలితిగానే ఉంటుంది, నా పర్సులో పెట్టుకున్నాను.

---

మారేడుపల్లి మైనా:

గంగ గారూ, పార్టిషన్ చూశాను. మీరు చెప్పినట్టే ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోయింది. కార్పెంటర్ని రేపు రమ్మన్నాను. చివరిగా ఒక్కటే మిగిలింది, ఎవరైనా వెళ్లిపోతే? మాలో ఒకమ్మాయికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, అబ్బాయి డల్లాస్ అట. నేను పాత సెంటర్ వదిలినప్పుడు ఏడాది పాటు నా క్లయింట్లని చూడకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అలాంటిది పెట్టడం మాకిష్టం లేదు, కానీ అసలేమీ రాసుకోకపోతే కూడా భయంగానే ఉంది.

---

గంటల లెక్క గంగ:

రాసుకోవాలి. కానీ మీకు పెట్టిన షరతు పెట్టొద్దు. తన మనసులో మాట ఎవరి దగ్గర చెప్పుకోవాలో ఎంచుకునేది క్లయింటు. మా అగ్రిమెంటులో ఇలా ఉంది: వెళ్లే థెరపిస్టు రెండు నెలల ముందు చెప్పాలి, ప్రతి క్లయింటుకీ తనే స్వయంగా చెప్పాలి. క్లయింటుకి మూడు దారులు చూపించాలి. ఆవిడతోనే కొత్త చోటికి వెళ్లడం, లేదా ఆన్‌లైన్లో కొనసాగడం, లేదా ఇక్కడే ఇంకొకరి దగ్గర చేరడం. ఏది ఎంచుకున్నా సెంటరుకి పైసా రాదు, పోదు, ఎందుకంటే మనం అద్దె మాత్రమే తీసుకుంటున్నాం కదా. ఫైళ్లు రాసిన థెరపిస్టు దగ్గరే ఉంటాయి, క్లయింటు రాసిచ్చి ఒప్పుకుంటేనే కొత్తవాళ్లకి వెళ్తాయి. కామన్ లాప్‌టాప్‌లో నోట్స్ పెట్టడం అసలు ఉండకూడదు. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, 2025 నవంబరులో దాని రూల్స్ కూడా వచ్చాయి, బుకింగ్ షీటులో పేర్లూ నంబర్లూ పెట్టుకునే మీకూ అది తగులుతుంది. అవసరం తీరిన నంబర్లు తీసేసే అలవాటు ఇప్పటి నుంచే పెట్టుకోండి.

డల్లాస్ అమ్మాయి వాటా అడ్వాన్సు ఎప్పటిలోగా తిరిగి ఇస్తారో తేదీతో సహా రాయండి. మిగతా అన్నిటికన్నా ఆ డబ్బు దగ్గరే మాటలు పడతాయి.

---

పేరొద్దు ప్లీజ్:

ఇంకోటి గుర్తొచ్చింది. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూ రాయమని క్లయింట్లని అడగకండి. మొహమాటానికి సొంత పేరుతో ఐదు స్టార్లు పెట్టేసి తర్వాత భయపడి తీసేసినవాళ్లు నాకు తెలుసు. ఎవరైనా తిడుతూ రాసినా 'మీరు రెండు సెషన్లకే మానేశారు కదా' అని కింద జవాబు మాత్రం ఇవ్వొద్దు, ఆ ఒక్క లైనుతో ఆ మనిషి మీ క్లయింటని ఊరంతటికీ చెప్పినట్టే.

---

ముందు టేబుల్ ముత్యాలు:

మైనా మేడమ్, వాచ్‌మన్‌తో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఓనరుగారి వాచ్‌మన్ అయినా సరే, మొదటి రోజే వెళ్లి మాట్లాడండి. 'పైకి వెళ్లేవాళ్లని ఏమీ అడగొద్దు అన్నా, మెట్లు చూపిస్తే చాలు' అని చెప్పి, పండక్కి మర్చిపోకుండా ఏదైనా ఇవ్వండి. మనిషి కావాలంటే మా చెల్లెలు ఖాళీగా ఉంది, డిగ్రీ అయింది, బోయిన్‌పల్లిలో ఉంటుంది, మెసేజ్ పెట్టండి.